దూపకు కొలత

“అరవై ఒకటిన్నర,” అంది మెహ్రీన్.

కాటా మీద నిలబడ్డ మామ సర్దార్ కిందికి చూడలేదు. చూద్దామన్నా ఆ మెడ వంగదు. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన ఒళ్లు, ముప్పై ఏళ్ల కిందటే బిగుసుకుపోయింది. ఎదురుగా గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ, ఆ అంకెతో తనకేమీ సంబంధం లేనట్టు నిలబడ్డాడు.

“మళ్లొక్కసారి జూడు. గా మిషినే ఖరాబైందేమో,” అంది అత్త జాహేదా, పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే.

“మిషిన్ మంచిగనే ఉన్నది అత్తమ్మా. నిన్న అరవై ఉండె. నాలుగు రోజుల కింద దవాఖాన నుంచి తోలుకొచ్చిననాడు యాభై ఎనిమిదిన్నర.”

“తింటున్నడు, ఒంటికి పడుతాంది. మంచిదే గద.”

“ఒంటికి పడ్డది తిండి గాదు. నీళ్లు.”



గుండె బలం తగ్గిందని, లోపలికి పోయిన నీళ్లను బయటికి నెట్టే శక్తి దానికి లేదని నల్గొండలో డాక్టరమ్మ విడమరచి చెప్పి పంపింది. రోజుకు లీటరు నీళ్లు. చాయ్, చారు, మజ్జిగ ఏది తాగినా ఆ లీటరులోనిదే. ఉప్పు తగ్గించాలి. పొద్దున్నే బరువు చూడాలి. నాలుగైదు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ప్రమాదమే. ఇక్కడ మూడు పెరిగింది.

మెహ్రీన్ వంగి మామ మోకాలి కింద బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక గుంట అట్లాగే ఉండిపోయింది.

“దిగాల్నా ఇగ?” అన్నాడు సర్దార్.

“దిగు మామా.”

మెహ్రీన్ భర్త అమీర్ అప్పటికే బూట్లు వేసుకున్నాడు. చౌటుప్పల్ కంపెనీలో ఎనిమిదికల్లా ఉండాలి. ఉండాలి గానీ, గడప దాటలేక నిలబడ్డాడు.

“ఎవలో ఒకలు ఇస్తున్నరు నీళ్లు. గోడలిస్తయా?” అన్నాడు తల్లి వైపు చూస్తూ.

జాహేదాకు ఆ చూపు అర్థమైంది. గరిటె గిన్నెలో పడేసి లేచింది.

“నన్నెందుకు జూస్తవు రా? నల్లా పిడి ఊడదీసి నీ పెండ్లాం కొంగుకు కట్టుకున్నది. కుండ లోపల్రూముల పెట్టి తాళమేసింది. పొద్దుగాల సీసా నింపిస్తది, మాపటికి సీసా జూస్తది. ఏడికెళ్లి తెచ్చి ఇస్త నేను? కండ్లల్లకెళ్లా?”

“అత్తమ్మా, నిన్ను ఎవలన్నరు?”

“అనుడెందుకు? నీ కండ్లే అంటున్నయ్. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిల పడ్డదట. ఇల్లిల్లు తిరిగి నీళ్లు తాగుండ్రి, నీళ్లు తాగుండ్రి అంటవు. ఇంట్ల ముసలోని నోరు కడుతవు.”

మెహ్రీన్ ఆ ఊరి ఆశా కార్యకర్త. మర్రిగూడ ఎండలకు ఎవరికి కండ్లు తిరిగినా, ఎవరికి బీపీ పెరిగినా ముందు పరుగెత్తేది ఆమే. ఉప్పు తగ్గించండి, రోజూ అరగంట నడవండి, గోలీలు మధ్యలో ఆపకండి అని పదేళ్లుగా చెప్తూనే ఉంది. ఊరు వింటుంది కూడా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆమె సంగతి తిరగబడింది.

“బాపూ, నువ్వే చెప్పు. ఏడ తాగుతున్నవ్?” అన్నాడు అమీర్.

“నేనెవల్నీ అడగలే,” అన్నాడు సర్దార్.

అది అబద్ధం కాదు. సర్దార్‌కు అబద్ధం రాదు. వస్తే ఆ ఇల్లు ఇంకాస్త సుఖంగా ఉండేదేమో.

“దవాఖానకు పోదాం నడువు,” అంది మెహ్రీన్.

“మొన్ననే గద ఒచ్చింది? ఆ మంచం మీద మళ్ల పండ. పండితే ఈసారి లేవ.”

అమీర్ తల పట్టుకున్నాడు. ఒకసారి తండ్రిని, ఒకసారి పెళ్లాన్ని, ఒకసారి గోడ గడియారాన్ని చూశాడు. “మాపటికి జల్దొస్త. ఎట్లన్న జెయ్యి,” అని బండి తీశాడు. ఎట్లా చెయ్యాలో చెప్పే తెలివి ఆయన దగ్గరా లేదు, పాపం.

*

డాక్టరమ్మకు ఫోన్ కలిసేసరికి తొమ్మిదైంది.

“ఇవ్వాళ ఒక్కరోజు, ఒంట్లో నీళ్లను బయటికి తోసే ఆ నీళ్లగోలి ఇంకోటి వెయ్యండి. రేపు పొద్దున కచ్చితంగా తీసుకురండి. ఊపిరి ఆడకపోతే మాత్రం అంతదాకా ఆగొద్దు, వెంటనే బయల్దేరండి. ముందు ఆ నీళ్లు ఎక్కడ తాగుతున్నాడో కనిపెట్టండి మెహ్రీన్. అది తెలియకుండా ఎన్ని గోలీలిచ్చినా లాభం లేదు.”

కనిపెట్టడానికి పెద్దగా తిరగాల్సిన పని లేకపోయింది. బస్టాండు దగ్గరి చలివేంద్రం నుంచి సుక్కమ్మ కబురు పంపింది, ఓఆర్ఎస్ పాకిట్లు అయిపోయాయని. పంచాయతీవాళ్లు తడకలు కట్టి, నాలుగు కుండలు పెట్టి, నీళ్లు పొయ్యడానికి సుక్కమ్మను కూర్చోబెట్టారు. మొదటి రోజు మొదటి గ్లాసు పోసింది మెహ్రీనే.

పాకిట్ల సంచితో తడక పక్కకు తిరిగేసరికి సర్దార్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో స్టీలు గ్లాసు. అందులో ఉప్పూ చక్కెరా కలిపిన ఓఆర్ఎస్ నీళ్లు.



“మామా.”

ఆయన గ్లాసు దాచలేదు. మిగిలిన రెండు గుక్కలు తాగి, మూతి తుడుచుకుని, బల్ల మీద బోర్లించాడు.

“సుక్కమ్మక్కా, ఇది ఎన్నోది?”

“ఏమో బిడ్డా, లెక్కవెడ్తనా? రోజు పొద్దుగాల రెండు, ఎండెక్కినంక రెండు. పాపం, సర్దారన్న నోరు తెరిచి అడగడు. నేనే పిలిచి ఇస్తున్న. నువ్వు చెప్పినవ్ గద.”

“నేను చెప్పిన్నా?”

“మైకుల జెప్పలే? ముసలోళ్లకు దూప తెలువది, అడగకున్నా పిలిచి ఇయ్యుండ్రి అని.”

చెప్పింది. వారం కింద, పంచాయతీ మైకులో. పై నుంచి వచ్చిన కాగితం చూసి చదివింది. ‘ఎండలు ముదిరాయి. అరవై దాటినవారు దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి. ఓఆర్ఎస్ తీసుకోవాలి.’ అప్పటికి మామ నల్గొండ దవాఖానలో ఉన్నాడు. కానీ ఆయన ఇంటికొచ్చాక కూడా మూడు రోజులు మళ్లీ మళ్లీ చదివింది. అప్పుడు ఆయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని వింటున్నాడు.

“కోడలివని నేను నీ మాట తీసిపారేయలే బిడ్డా,” అన్నాడు సర్దార్ మెల్లగా. రెండు మాటలకొకసారి ఊపిరి అందక ఆగుతున్నాడు. “ఇంట్ల ఒకటి చెప్తవు. మైకుల ఇంకోటి చెప్తవు. ఏది నిజమో నాకెట్ల ఎరుక? ఇంట్ల చెప్పేది కోడలు. మైకుల చెప్పేది సర్కారు. నేను సర్కారు మాటిన్న.”

“అది మంచిగున్నోళ్లకు మామా. నీకు గాదు.”

“గట్లని చెప్పినవా?”



కాగితం చివర ఒక వాక్యం ఉంది. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు డాక్టరు చెప్పినంతే తాగాలని. చిన్న అక్షరాలు. కరెంటు వచ్చీపోయీ చేస్తుంటే, ముఖ్యమైనవి చెప్పాను కదా అని మైకు కట్టేసింది. తర్వాత మూడు రోజులూ అలవాటుగా అక్కడికే ఆపింది. అంతే. అంతకు మించి ఏ కారణమూ లేదు. ఆమెకిప్పుడు తన చెంప తానే వాయించుకోవాలనిపించింది.

“నా చిన్నతనంల,” అన్నాడు సర్దార్, “గీ ఊళ్లె తాగుతే బొక్కలు వంగే నీళ్లే ఉండె. అయే తాగినం. ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్లొస్తున్నయ్, తియ్యటియి. నోట్లె పోసుకునే యాళ్లకు నువ్వు సీసా తెచ్చి ముందల పెడితివి. దూపకు కొలతుంటదా బిడ్డా?”



ఆమె సుక్కమ్మ వైపు తిరిగింది. “అక్కా, ఇగ ఇయ్యకు. గుండె జబ్బున్నోళ్లకు ఇయ్యొద్దు.”

“నాకెట్ల తెలుస్తది బిడ్డా ఎవలికున్నదో? వచ్చినోళ్ల రొమ్ము మీద చెవి పెట్టి వింటనా? సర్దారన్న మైసయ్య ఇంటి కాడ కూసుంటే ఆయన పెండ్లాం ఇస్తది. మసీదు కాడ కూసుంటే ఆడ ఇస్తరు. నేనొక్కదాన్నే బంద్ జేస్తే ఏమైతది? మంచిగ మైకులనే పేరు పెట్టి చెప్పరాదు?”

*

పంచాయతీ అటెండరు చెన్నయ్య ఆఫీసు తాళం తీసి మైకు పెట్టాడు. “గీ యాళ్ల చెప్పేది లేదు గద మెహ్రీనమ్మా?” అన్నాడు. ఆమె సంచిలోంచి కాగితం తీసింది.

ఈసారి కాగితం మొత్తం చదివింది. చివరి వాక్యం రెండుసార్లు చదివింది. చదివాక అక్కడితో ఆపాల్సింది. కానీ ఆమె కళ్ల ముందు మామ మోకాలి కింది గుంట ఉంది. భయం పట్టుకున్న మనిషికి ఎక్కడ ఆపాలో తెలియదు.

“మన పరుపుల సర్దార్ మామకు గుండె జబ్బున్నది. ఆయనకు ఎవ్వలు నీళ్లియ్యొద్దు. అడిగినా ఇయ్యొద్దు. చాయ్ గిట్ల సుత ఇయ్యొద్దు. ఇది నా విన్నపం.”

చెన్నయ్య మైకు కట్టేసి ఆమె ముఖంలోకి చూశాడు. “పేరు జెప్పినవా?” అన్నాడు. తప్పో ఒప్పో ఆయన తేల్చలేదు.

పరుపుల సర్దార్ అంటే చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో తెలియనివాళ్లు లేరు. దూదేకే కమాను భుజాన వేసుకుని నలభై ఏళ్లు తిరిగాడు. ఎవరి వాకిట్లో కూర్చుంటే ఆ ఇంటివాళ్లే చెంబుతో నీళ్లిచ్చేవాళ్లు. మైలున్నర దూరం నుంచి బిందెలు మోసుకొచ్చిన నీళ్లు. అటువంటి కరువులో కూడా, ఆ ప్రాంతంలో దూపకు వచ్చినవాణ్ని, పగవాడైనా సరే, కాదని పంపిన ఇల్లు లేదు. కులం, మతం దగ్గర పట్టింపులుంటే ఉన్నాయేమో, దోసిట్లో పోశారు తప్ప లేదని అనలేదు.

మెహ్రీన్ ఆఫీసు మెట్లు దిగేసరికి మామ చలివేంద్రం నుంచి ఇంటికి బయల్దేరాడు. వంగిన మోకాళ్లతో, ఇరవై అడుగులకొకసారి ఆగుతూ. పక్కకు వెళ్లి చెయ్యి పట్టుకునే ధైర్యం లేక ఆమె వెనకే నడిచింది.

మైసయ్య ఇంటి ముందు ఊపిరి అందక అరుగు మీద కూర్చున్నాడు. ఎప్పటిలాగే మైసయ్య భార్య చెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆయన్ను చూసింది. ఒక్క క్షణం ఆగి, చెంబు కొంగు చాటుకు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆయన అడగలేదు. ఇప్పుడూ అడగలేదు.

మైసయ్యే బయటికి వచ్చాడు. “ఏమనుకోకు సర్దారన్నా. నీ మంచికే. కోడలు జెప్పింది గద,” అన్నాడు. ఆ మాట అంటూ ఆయన నేల చూపులు చూశాడు.

“మంచిదే తమ్మీ,” అని సర్దార్ లేచాడు.

రెండిళ్ల అవతల ఎవరో పిల్లల్ని నీళ్ల గ్లాసులతో లోపలికి పిలిచి తలుపు వేసుకున్నారు. మర్యాదకే వేసుకున్నారు, ఎదురుగా తాగడం ఎందుకని. ప్రాణం కాపాడాలని చేసిన పని ఇది. ఇంత పరువు తీస్తుందని మెహ్రీన్ అనుకోలేదు.

*

ఇంటికి వచ్చి ఆయన మంచం మీద పడుకోలేదు. పడుకుంటే ఊపిరాడదు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇప్పుడే దవాఖానకు పోదామని మెహ్రీన్ బతిమాలినా కదల్లేదు.

మెహ్రీన్ లీటరు సీసా తెచ్చి పక్కన పెట్టింది. నీళ్లగోలి చేతిలో పెట్టింది. గ్లాసులో రెండు గుక్కలు పోసింది.

ఆయన గోలి నోట్లో వేసుకున్నాడు. గ్లాసు ముట్టలేదు. గొంతు రెండుసార్లు కదిలింది. గోలి ఉత్తదే మింగేశాడు.

“నీళ్లు తాగు మామా. గీ సీసాల నీళ్లు నీయే.”

“దూప గాలే.”

“పొద్దటి సంది ఎండల ఉన్నవ్.”

“దూప గాలే బిడ్డా. నీ పని జూస్కో.”

కోపంగా అనలేదు. కోపంగా అంటే ఎంతో బాగుండేది. ఒక అరుపుకు ఇంకో అరుపు అరిచి, ఏడ్చి, కాళ్లు పట్టుకుని ఎట్లాగో తాగించేది. ఆ మెత్తటి మాటను ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

మధ్యాహ్నం అన్నం వద్దన్నాడు. రెండోసారి గోలి కూడా ఉత్తదే మింగాడు. గోలి తన పని తాను చేస్తోంది. ఆయన నాలుగుసార్లు లేచి పెరట్లోకి వెళ్లొచ్చాడు. కాళ్ల వాపు ఒక వేలంత తగ్గింది. పెదవులు పొలుసు కట్టాయి.

మెహ్రీన్‌కు కొత్త భయం మొదలైంది. నీళ్లను బయటికి తోసే గోలి ఒకవైపు, చుక్క లోపలికి పోనివ్వని పంతం ఇంకోవైపు, నలభై నాలుగు డిగ్రీల ఎండ పైన. ఇట్లాగే ఉంటే కిడ్నీల సంగతేమిటి? పొద్దున తాగుతున్నాడని ఏడ్చింది. ఇప్పుడు తాగడం లేదని ఏడుస్తోంది. మింగలేక, కక్కలేక ఉంది.

డాక్టరమ్మకు మళ్లీ ఫోన్ చేసింది.

“అట్లా అసలే మానేస్తే ఎట్లా? ఆ లీటరు ఆయనకు కావాలి. ఇంకో గోలి వెయ్యకండి. గుక్క గుక్కగా తాగించండి. అసలు తాగకపోయినా, మత్తుగా ఉన్నా రాత్రనక తీసుకొచ్చేయండి.”

“తాగుతలేడు మేడం. దవాఖాన అంటే కదులుతలేడు.”

“నచ్చజెప్పండి మెహ్రీన్. మీరు రోజూ ఊరంతటికీ చెప్పేవాళ్లే కదా.”

ఫోన్ పెట్టేసి ఆమె మళ్లీ మామ ముందు గ్లాసు పట్టుకుని కూర్చుంది.

సాయంత్రం అమీర్ బండి ఆపకముందే అరిచాడు.

“మైకుల బాపు పేరు జెప్పినవా?”

“చెప్పిన.”

“అడిగినా ఇయ్యొద్దన్నవా?”

“అన్న.”

“కంపెనీ కాడికి నాలుగు ఫోన్లొచ్చినయ్. మీ ఇంట్ల మీ బాపుకు నీళ్లు పోస్తలేరా అని ఒకడు అడిగిండు. ఏం జెప్పాలె నేను?”

“పొద్దుగాల నువ్వే అన్నవ్, ఎట్లన్న జెయ్యి అని.”

“గిట్ల జెయ్యమన్ననా?”

“మరెట్ల జెయ్యాలె? చెప్పి పోతే అయిపోతుండె గద!” అని మెహ్రీన్ మొదటిసారి గొంతెత్తింది. “నాకు తెల్వదు. నాకేమీ తెల్వదు. మీ బాపు సావొద్దు. గంతే నాకెరుక.”

అమీర్‌కు ఇంక అరిచే ఓపిక లేకపోయింది. తండ్రి ముందు కూర్చుని గ్లాసు పెదవుల దగ్గర పెట్టాడు.

“జర తాగు బాపూ. నా కోసం.”

సర్దార్ కొడుకు చేతిని మెల్లగా పక్కకు జరిపాడు.

“నలభై ఏండ్లు తిరిగిన రా. మర్రిగూడల నాకు నీళ్లు కాదన్న ఇల్లు లేకుండె,” అన్నాడు. కాసేపు ఊపిరి కోసం ఆగాడు. “ఇయ్యాల మైసయ్య పెండ్లాం చెంబు దాసుకున్నది. ఆమె తప్పు లేదు. నా కోడలి తప్పు లేదు. ఇగ నాకే దూప బందయ్యింది. పో, తిను పో.”

“దవాఖానకన్నా నడువు.”

ఆయన కళ్లు మూసుకున్నాడు.

జాహేదా పొయ్యి ఆర్పి వచ్చి భర్త మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఆమెకు షుగరు ఉంది. రాత్రి గోలి వేసుకునే వేళైంది. మెహ్రీన్ అలవాటు ప్రకారం గోలీ, నిండు గ్లాసు నీళ్లూ తెచ్చి ఇచ్చింది.

జాహేదా గ్లాసు అందుకుంది. దాన్ని కాసేపు చూసింది. లేచి వాకిట్లోకి పోయి నీళ్లు నేల మీద పారబోసింది. ఖాళీ గ్లాసు తెచ్చి సీసా పక్కన బోర్లించింది.

“అత్తమ్మా, ఏంది గిది?”

“ఆయన తాగిననాడే నేను తాగుత,” అంది జాహేదా, కోడలి ముఖం చూడకుండా. చూపుడు వేలూ బొటనవేలూ కలిపి గోలి పట్టుకుంది. నోట్లో వేసుకుని, భర్తలాగే, ఉత్తదే మింగింది.